బేతేలు నగర్‌కు పడ్డ పేరు

సూరారం మెయిన్ రోడ్డు దిగి ఫ్యాక్టరీ గోడల వెంబడి కాస్త లోపలికి నడిస్తే బేతేలు నగర్ వస్తుంది. పద్మలత మొదటిసారి ఆ బస్తీకి వెళ్ళిన రోజు ఒక్క తలుపు కూడా సరిగ్గా తెరుచుకోలేదు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు చూసి ఆడవాళ్ళు తలుపు ఓరగా పెట్టి, "మా ఇంటాయన లేడు, పొద్దుగూకినంక రా" అన్నారు. ఒకామె ఆమెను కరెంటు మనిషి అనుకుని మీటరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకొకామె ఇళ్ళు కూలగొట్టే వాళ్ళ తాలూకు అనుకుని, చంటిబిడ్డను చంకనెత్తుకుని ఏడుపు మొహంతో నిలబడింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పద్మలతకు ఓపిక అయిపోయింది. చర్చి మెట్ల మీద కూర్చుంది. లోపల చాపలు దులుపుతున్న ఒక పెద్దావిడ బయటికొచ్చి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగి అడిగింది.

"ఎవలింటికొచ్చినవ్ బిడ్డా?"

ఆవిడే ఎలీషమ్మ. ఒకప్పుడు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. బస్తీలో సగం మంది పిల్లలకు మొదటి స్నానం చేయించిన చేతులవి. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన ఆవిడే నడిపిస్తుంది. ఆవిడ మాట అంటే ఆ గల్లీల్లో అందరికీ గురి.

పద్మలత తను వచ్చిన పని చెప్పింది. శామీర్‌పేటలో తమదొక చిన్న సంస్థ. సూరారం, గాజులరామారం, బహదూర్‌పల్లి చుట్టుపక్కల బస్తీలు, కాలనీలు తిరిగి, ఎక్కడ ఎంత సంపాదన ఉంది, ఏ మతం వాళ్ళున్నారు, పిల్లలు ఎంతవరకు చదువుతున్నారు, ఏ జబ్బులున్నాయి అని అడిగి పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్కువ వెనకబడ్డ చోటేదో తేల్చి అధికారులకు చూపిస్తారు.

"అంటే ఎవలకంటే ఎవలు ఎన్కవడ్డరో చూస్తరన్నట్టు."

"అవును పెద్దమ్మా. చూపిస్తేనే గదా, గిక్కడికో దవఖాన వచ్చేది."

దవఖాన అన్న మాటకు ఎలీషమ్మ గ్లాసు పక్కన పెట్టింది. కొంగు నడుముకు చుట్టి, "నడువు" అంది.

ఆ రోజు నుంచి కొన్ని వారాల పాటు పద్మలత ఆ బస్తీలో ఒంటరిగా తిరగలేదు. ముందు ఎలీషమ్మ, వెనక పద్మలత. గడప దగ్గర ఎలీషమ్మ గొంతు వినబడితే చాలు, తలుపు తెరుచుకునేది. "మన బిడ్డలెక్కనే. అడిగింది చెప్పుండ్రి, దాయకుండ్రి" అని తనే పీట వేసి కూర్చోబెట్టేది.

పద్మలత మేడ్చల్‌లో పుట్టి పెరిగింది. తండ్రి గౌరయ్య గూడ్స్ షెడ్డులో హమాలీగా బస్తాలు మోసి చదివించాడు. ప్రైవేటుగా పరీక్షలు కట్టి అర్థశాస్త్రంలో ఎం.ఏ. పాసైంది. భర్త ధర్మేందర్‌ది మేడ్చల్ బస్టాండు దగ్గర బండ్ల సామాన్ల దుకాణం. తను చేసేది నలుగురికి పనికొచ్చే ఉద్యోగమని ఆమెకు లోలోపల ఒక తృప్తి ఉండేది. ఎలీషమ్మ వెనక నడుస్తున్న రోజుల్లో ఆ తృప్తి ఇంకాస్త పెరిగింది.

చిక్కల్లా మతం ప్రశ్న దగ్గరే వచ్చేది. అప్పటిదాకా గడగడా మాట్లాడిన వాళ్ళు అక్కడ ఆగిపోయేవారు. ఆటో నడిపే రామయ్య అయితే గడ్డం గోక్కుంటూ చాలాసేపు ట్యాబు వంకే చూశాడు.

"కాగితాలల్ల ఉన్నది చెప్పాల్నా, ఆదివారం పోయేది చెప్పాల్నా మేడం?"

ఆ ప్రశ్న వెనక ఏముందో పద్మలతకు తెలుసు. కాగితాల్లో హిందువు, ఆదివారం వెళ్ళేది చర్చికి. కొడుకు చదువు, కుల ధ్రువీకరణ, స్కాలర్‌షిప్పు అన్నీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. ట్యాబు ఒళ్ళో పెట్టుకుంది. ఎలీషమ్మే అందుకుంది.

"ఆదివారం పోయేదే చెప్పు రామయ్యా. మనల్ని సాకెటోని పేరు చెప్పనీకి భయమెందుకు? గీ బిడ్డ మన పేర్లు బయటవెట్టదు. ఏం బిడ్డా?"

"ఎవ్వరి పేరూ ఎక్కడా రాదు బాబాయ్. నాది పూచీ" అంది పద్మలత.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. రామయ్య చెప్పాడు. అతను చెప్పాడని గల్లీలో మిగతా వాళ్ళూ చెప్పారు.

పని గురించి అడిగినప్పుడు మాత్రం ఎవరూ తడుముకోలేదు. ఇంటింటికీ ఒకటే జవాబు. "మందుల కంపెనీల." కాంట్రాక్టరు కింద కూలి. ట్యాంకులు కడగడం, పొడి మూటలు మోయడం, ఆవిరి పైకొచ్చే చోట నిలబడి కలపడం. నలభై దాటగానే మగవాళ్ళు ఇంటికి చేరుతున్నారు. తండ్రి మంచమెక్కితే కొడుకు బడి మానేసి అదే గేటు ముందు నిలబడుతున్నాడు. ఎలీషమ్మ కొడుకు యాకోబు కూడా అలాగే మంచమెక్కాడు. గుమ్మం పక్కన నులక మంచం మీద కూర్చుని, రెండు మాటలు చెప్పి ఊపిరి తీసుకుని మళ్ళీ రెండు మాటలు చెప్పేవాడు. నలభై అయిదేళ్ళు కూడా ఉండవు గానీ, కొత్తగా చూసినవాళ్ళు ఎలీషమ్మకు తమ్ముడనుకునేవారు.

యాకోబు కూతురు జాస్మిన్ ఆ బస్తీ నుంచి టీచరైన మొదటి పిల్ల. డిగ్రీ అయ్యాక బహదూర్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెబుతోంది. బీఎడ్ కట్టాలని చూస్తోంది. సాయంత్రం ఇంటికి రాగానే పద్మలత పక్కన చేరి, "అక్కా, గిది నేను కొడత, మీరు జర నడుం వాల్చుండ్రి" అని ట్యాబు లాక్కునేది.

"మా క్లాసు పిల్లలు నన్ను జాస్మిన్ టీచర్ అనరక్కా. పూల టీచర్ అంటరు. ఎవలు నేర్పిన్రో ఏమో" అని నవ్వేది. ఆ మాట చెప్పినప్పుడల్లా యాకోబు మొహం విప్పారేది. ఎన్నిసార్లు విన్నా కొత్తగా విన్నట్టే వినేవాడు.

* * *

శామీర్‌పేటలో సంస్థ ఆఫీసు ఒక మేడ మీద ఉండేది. కిటికీలోంచి చూస్తే ఇళ్ళ సందుల్లో చెరువు నీళ్ళు కొంచెం కనబడేవి. సంస్థను నడిపే యజ్ఞనారాయణ గారు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. కోపం తెలియని మనిషి. తన పింఛనులోంచి కూడా ఆఫీసు అద్దె కట్టిన నెలలున్నాయి.

బస్తీలన్నిటి వివరాలూ వచ్చాక పద్మలత పెద్ద పట్టిక తయారుచేసింది. ఒక్కో బస్తీకి ఒక్కో అడ్డు వరుస. నిలువుగా మతం, సంపాదన, చదువు, జబ్బు, పని అని అయిదు కాలమ్‌లు. అట్టడుగున బేతేలు నగర్ వచ్చింది. అన్నిటికంటే పైన బహదూర్‌పల్లిలోని ఒక గేటెడ్ కాలనీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం పట్టికను అటూ ఇటూ మార్చి చూస్తుంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. గాజులరామారం వైపు ఒక బస్తీ ఉంది. అక్కడ చర్చి లేదు, అందరూ పోచమ్మకు బోనం ఎత్తేవాళ్ళే. కానీ అక్కడా మగవాళ్ళు ఎక్కువగా మందుల కంపెనీల్లోనే పని చేస్తున్నారు. అక్కడి జబ్బులూ, బడి మానిన పిల్లలూ ఇంచుమించు బేతేలు నగర్ లాగే ఉన్నాయి. మరోవైపు, ఎక్కువగా క్రైస్తవులే ఉన్న ఇంకో వీధిలో నర్సులు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. వాళ్ళ లెక్కలు గేటెడ్ కాలనీకి దగ్గరగా ఉన్నాయి. తేడా అంతా పనిలోనే ఉంది. ఏ దేవుడికి మొక్కుతున్నారన్న దానిలో ఏమీ లేదు.

ఆ సంగతి చెబితే యజ్ఞనారాయణ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని సంతోషించారు.

"చాలా మంచి విషయం పట్టుకున్నావమ్మా. దీన్ని నాలుగో అధ్యాయంలో వివరంగా రాద్దాం. కానీ మొదటి పేజీలో పట్టిక మాత్రం చూడగానే అర్థమవ్వాలి. ఆఫీసర్లు చదివేది ఆ ఒక్క పేజీయే. అయిదు కాలమ్‌లు పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి. పని కాలమ్ తీసేద్దాం."

"మతం తీసేద్దాం సార్" అన్న మాట పద్మలత నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ సర్వేకు డబ్బిచ్చిన వాళ్ళు మతం వివరాలు అడిగారు. పైగా ఆ ఉదయమే సార్, తర్వాతి సర్వే బాధ్యత అంతా నీదేనమ్మా అన్నారు. అంత మంచి మనిషితో వాదన ఎందుకులే అనిపించింది. ఎలాగూ లోపల రాస్తున్నాంగా అని కూడా అనుకుంది.

"సరే సార్" అంది.

తీసేయడానికి ఎంతోసేపు పట్టలేదు. కాలమ్ పోగానే మిగిలిన నాలుగూ వెడల్పుగా సర్దుకున్నాయి. పట్టిక నిజంగానే చూడ్డానికి ముచ్చటగా ఉంది.

* * *

సర్వే పుస్తకం మేడ్చల్‌లో ఒక హాల్లో విడుదలైంది. శాలువాలు కప్పారు. ఒక అధికారి మొదటి పేజీ తెరిచి ఫోటోకు పట్టుకున్నాడు. బేతేలు నగర్‌కు బస్తీ దవఖాన తప్పకుండా ఇప్పిస్తామని అక్కడే చెప్పాడు. పద్మలత బయటికొచ్చి ముందు ఎలీషమ్మకే ఫోన్ చేసింది. అటువైపు ఆవిడ స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడ్చింది.

తర్వాతి వారం బబ్లూ వీడియో వచ్చింది.

బబ్లూ ఫోన్‌లోనే న్యూస్ ఛానల్ నడుపుతాడు. కుత్బుల్లాపూర్ చుట్టుపక్కల రోడ్డు గుంతలు, నీళ్ళ గొడవలు తీస్తుంటాడు. అతనికి ఎవరో ఆ పట్టిక పంపారు. దాని మీద ఎర్ర బాణాలు గీసి, "ఏ మతం బస్తీ అడుగున ఉంది?" అని పేరు పెట్టాడు. తర్వాత బేతేలు నగర్ వెళ్ళి గల్లీలు తీశాడు. గుమ్మంలో దగ్గుతున్న యాకోబును తీశాడు. వెనక గుమ్మం పట్టుకుని నిలబడిన ఎలీషమ్మనూ తీశాడు. "మతం మారినా బతుకు మారలేదు" అని వెనక నుంచి గొంతు. చివర్న పుస్తకం అట్ట చూపించి, ఇది మనం చెబుతున్నది కాదు, సర్వే చెబుతున్నది అన్నాడు.

రెండు రోజుల్లో ఆ వీడియో చూడని ఫోన్ లేదు. కింద కామెంట్లలో కొందరు జాలిపడ్డారు, ఎక్కువమంది ఎగతాళి చేశారు. వాళ్ళను తిట్టడానికి ఇంకొందరు దిగారు. ధర్మేందర్ దుకాణంలో కూర్చున్న వాళ్ళు కూడా దాని గురించే మాట్లాడుకున్నారు.

"నువ్వు తిరిగిన బస్తేనా గిది?" అని ఇంటికొచ్చి ఫోన్ చూపించాడతను. పద్మలత వీడియో పూర్తిగా చూడలేకపోయింది. తను రాసినదాంట్లో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అయినా ఆ పేజీలోంచి బయటికొచ్చిన మాట పచ్చి అబద్ధం.

అంతటితో ఆగినా బాగుండేది. పట్టికలో జబ్బు కాలమ్ ఒకటుంది కదా. ఏం జబ్బో అందులో లేదు. ఎందుకొచ్చిందో అంతకంటే లేదు. బహదూర్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఇళ్ళపనికి వెళ్ళే ఆడవాళ్ళను, "మీది బేతేలు నగరా? అక్కడ అందరికీ ఏదో అంటుకునే జబ్బంట కదా" అని అడగడం మొదలైంది. కొందరిని మాన్పించారు. కొందరు తమది సూరారం అని చెప్పి బస్తీ పేరు మింగేశారు.

ఒక సాయంత్రం జాస్మిన్ ఫోన్ చేసింది.

"అక్కా, నన్ను బడికి రావద్దన్నరు."

"ఎందుకు?"

"పేరెంట్స్ గ్రూపుల మా నాయిన వీడియో ఎవరో పెట్టిన్రు. పూల టీచర్ వాళ్ళిల్లే అని ఒక పిల్ల గుర్తువట్టిందంట. నాకు ఎక్స్‌రే తీపిచ్చుకోమన్నరు, తీపిచ్చిన. ఏం లేదని రాసిచ్చిన్రు. అయినా కొన్నిరోజులు ఆగు అంటున్నరు." తర్వాత అడిగింది. "మీరొక్కసారి వచ్చి చెప్తరా అక్కా? పుస్తకం రాసింది మీరే గదా, మీరు చెప్తే ఇంటరు."

మర్నాడు పద్మలత ఆ బడికి వెళ్ళింది. ప్రధానోపాధ్యాయురాలు విజయమ్మ మర్యాదగా కూర్చోబెట్టింది. జాస్మిన్ బాగా చెబుతుందనీ, ఆ పిల్ల వచ్చాక ఒకటో తరగతి పిల్లలు బడికి ఏడవకుండా వస్తున్నారనీ తనే చెప్పింది.

"మరి ఎందుకు మేడం?"

విజయమ్మ సొరుగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "ఇదిగో, తల్లిదండ్రులు తెచ్చి నా ముందు పెట్టారు. ఆఫీసర్లు విడుదల చేసిన పుస్తకం మేడం, ఇందులోనే ఉంది అన్నారు. నేనేం సమాధానం చెప్పాలి?"

"దానర్థం అది కాదు. అవి అంటుకునే జబ్బులు కావు. కంపెనీలో పని వల్ల వచ్చినవి. మతానికీ దానికీ సంబంధం లేదు. నాలుగో అధ్యాయంలో అంతా రాశాం."

విజయమ్మ నాలుగో అధ్యాయం దాకా పేజీలు తిప్పింది. అక్కడ కాసేపు చదివింది. ఆమె మొహంలో ఇబ్బంది కనిపించింది.

"నేనూ మొదటి పేజీయే చూశానమ్మా" అంది. "ఇంత ముఖ్యమైన సంగతిని ఇంత లోపల పెట్టారేం?"

విజయమ్మ ఇంకోసారి తల్లిదండ్రులతో మాట్లాడి చూస్తానంది. మాట్లాడింది కూడా. కానీ ఇద్దరు ముగ్గురు తమ పిల్లల టీసీలు అడిగేసరికి ఆమె వెనక్కి తగ్గింది. వేసవి సెలవులయ్యాక జాస్మిన్ స్థానంలో ఇంకొకరు వచ్చారు.

పద్మలత బబ్లూ దగ్గరికీ వెళ్ళింది. గండిమైసమ్మ చౌరస్తాలో చిన్న గది అతని ఆఫీసు. కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా అక్కా? మీ పట్టికల ఉన్నదే చెప్పిన. అండ్ల పని సంగతి ఉంటే అది గూడ చెప్తుంటి" అన్నాడు. అతని గొంతులో వెక్కిరింత ఏమీ లేదు. "పోనీ, మల్లొకటి తీద్దాం. మీరే మాట్లాడుండ్రి."

ఆమె కెమెరా ముందు కూర్చుని చెప్పింది. కంపెనీల గురించి, ఆవిరి గురించి, గాజులరామారం బస్తీ గురించి నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పింది. మొదటి వీడియో చూసిన వాళ్ళలో దీన్ని చూసింది పిడికెడు మంది. వాళ్ళలో ఒకరు కింద, "ఈమెను ఎవరు కొన్నారు?" అని రాశారు.

యజ్ఞనారాయణ గారు కుమిలిపోయారు. అయిదు కాలమ్‌లతో పట్టిక మళ్ళీ అచ్చువేయించి, సవరణ అని పైన రాయించి, పుస్తకం ఇచ్చిన ప్రతి చోటికీ పంపించారు.

"తప్పు నాదమ్మా. తీసేయమన్నది నేను" అన్నారు.

పద్మలత తల అడ్డంగా ఊపింది. సార్ బేతేలు నగర్ చూడలేదు. ఎలీషమ్మ వెనక గడపగడపకూ తిరగలేదు. రామయ్యకు పూచీ ఇవ్వలేదు. అవన్నీ చేసిన మనిషి తను. వద్దు సార్ అని ఒక్క మాట అనగలిగిన మనిషీ తనే. ఆయన గట్టిగా కూడా చెప్పలేదు. కాస్త నిలబడి ఉంటే వినేవారు.

* * *

వానలు మొదలయ్యాక బస్తీ చర్చి పాస్టర్ విక్టర్ ఆమెకు ఫోన్ చేశాడు. వీలైతే సూరారంలో కలవమన్నాడు. చౌరస్తా హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. విక్టర్ నెమ్మదస్తుడు.

"మిమ్మల్ని నిందించడానికి పిలవలేదమ్మా. ఎలీషమ్మ సంగతి మీకు తెలియాలని పిలిచిన" అన్నాడు. "బస్తీల కొందరు ఆమెను అంటున్నరు. నువ్వు తీసుకొస్తెనే చెప్పినం, నువ్వు చెప్పమంటెనే మతం చెప్పినం అని. రామయ్య కొడుకుకు స్కాలర్‌షిప్పు ఈసారి ఆలస్యమైంది. అది మీ సర్వే వల్ల కాదు, నాకెర్క. కానీ రామయ్య నమ్మడు. మా సర్టిఫికెట్లు పోతయేమో అని ఇంకొందరు పరేషాన్ అయితున్నరు."

"పేర్లు ఎక్కడా ఇవ్వలేదు పాస్టర్ గారూ. ఒట్టు."

"పేర్లియ్యలేదమ్మా. బస్తీ పేరు ఇచ్చిన్రు." ఆయన మెల్లగానే అన్నాడు. "ఎలీషమ్మ ప్రార్థన నడిపించుడు మానేసింది. ఎవ్వరం మానమనలే. తనే వెనక వరుసల, చెప్పుల దగ్గర కూసుంటున్నది. ఇన్నేండ్లల్ల ఆమెను అక్కడ నేను చూడలే."

పద్మలత ఆ రోజే ఎలీషమ్మ ఇంటికి వెళ్దామనుకుంది. ఫ్యాక్టరీ గోడ మలుపు దాకా వెళ్ళింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేసింది.

దసరాకు ముందు బస్తీ దవఖాన నిజంగానే తెరిచారు. గల్లీ మొదట్లో అద్దె గదిలో ఒక డాక్టరు, ఒక నర్సు, మందుల బీరువా. పేపర్లో ఫోటో వచ్చింది. ఆ ఫోటో చూసి ఆఫీసులో స్వీట్లు పంచారు. పద్మలతకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ దవఖాన కోసమే కదా ఎలీషమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. ఆ నెపంతో పద్మలత ధైర్యం తెచ్చుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం బేతేలు నగర్ వెళ్ళింది.

నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు ఆమెను చూడగానే మాటలు ఆపేశారు. ఆమె దాటిపోయేదాకా బిందెలు నిండి పొర్లుతున్నా అలాగే నిలబడ్డారు.

యాకోబు మంచం మీదే ఉన్నాడు. ఇంకా చిక్కిపోయాడు. ఆమెను చూసి లేవబోయాడు గానీ దగ్గు అడ్డుపడింది. ఎలీషమ్మ లోపలి నుంచి వచ్చి, "కూసో బిడ్డా" అని పీట వేసింది. అదే గొంతు. అందులో ఏ మార్పూ లేకపోవడమే పద్మలతకు కష్టంగా తోచింది.

చాయ్ పెట్టింది. దవఖాన గురించి చెప్పింది. నర్సు పిల్ల మంచిదట, బీపీ గోలీలు ఇస్తోందట, యాకోబుకు వారం వారం ఊపిరి చూస్తున్నారట. మేడ్చల్‌లో వానలెట్లున్నాయని అడిగింది. గౌరయ్య ఆరోగ్యం అడిగింది. అన్నీ మాట్లాడింది గానీ ఆ పుస్తకం ఊసు మాత్రం ఎత్తలేదు.

"జాస్మిన్ ఏది పెద్దమ్మా?"

ఎలీషమ్మ చాయ్ గిన్నె దించి మూత పెట్టింది.

"డ్యూటీకి పోయింది. ఆదివారం గూడ ఉంటది వాళ్ళకు. మందుల కంపెనీలనే, ప్యాకింగుల. గోలీలు డబ్బలల్ల వెట్టుడు. అది లోపలి పని గాదు, ఏం గాదంట. వాళ్ళ నాయిన లెక్క ట్యాంకుల కాడికి పోయెడిది లేదంట."

యాకోబు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పద్మలత చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"నన్ను తిట్టు పెద్దమ్మా. నాలుగు మాటలన్నా అను. నేను ఆ కాలమ్ తీసేయకుంటే గింత అయ్యేది కాదు. తీసేయమన్నప్పుడు వద్దనాలె, అనలేదు. నాకు తెల్వక గాదు. తెలిసే ఊకున్న."

ఎలీషమ్మ దగ్గరికొచ్చి, చేతిలోంచి గ్లాసు తీసుకుని కింద పెట్టి, కొంగుతో ఆమె మొహం తుడిచింది. చంటిపిల్లలకు తుడిచినట్టే గట్టిగా తుడిచింది.

"నిన్ను తిడితే నా మనవరాలు బడికి పోతదా? ఊకో. నువ్వు మంచి చేద్దామనే వచ్చినవ్. నేను మంచైతదనే తిప్పిన. నాకు నీ మీద కోపం లేదు. దేవుని తోడు."

అని గుమ్మంలోంచి బయటికి చూసింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, ఇటే చూస్తున్నారు.

"కానీ మళ్ళ రాకు బిడ్డా. నువ్వొచ్చిపోయినంక వాళ్ళు నన్నడుగుతరు, ఇప్పుడు ఏం రాసుకపోనీకి వచ్చిందని. నేనేం చెప్పాలె? ఈ వయసుల నాకు ఆ జవాబు చెప్పే ఓపిక లేదు."

పద్మలత తల ఊపింది. లేచి యాకోబు దగ్గరికి వెళ్ళి, "పోయొస్త అన్నా" అంది. పోయొస్త అన్నాక, రావడం లేదన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. యాకోబు చెయ్యి మాత్రం కొంచెం ఎత్తాడు.

గల్లీలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆమె ఎవరి వంకా చూడలేదు. మెయిన్ రోడ్డుకొచ్చి, గండిమైసమ్మ వైపు వెళ్ళే బస్సు ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. రోడ్డుకు ఒకవైపు ఫ్యాక్టరీలు, ఇంకోవైపు కొత్త అపార్ట్‌మెంట్లు, బహదూర్‌పల్లి దాకా అలాగే సాగాయి. ఏదో ఒక గేటు ముందు షిఫ్టు వదిలారు కాబోలు, నీలం చొక్కాల ఆడపిల్లలు గుంపుగా రోడ్డు దాటుతుంటే బస్సు ఆగింది. వాళ్ళలో జాస్మిన్ ఉందేమోనని పద్మలత వెతికింది. ఉంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు. అంతలో బస్సు కదిలింది.

ఇంటికి చేరేసరికి ధర్మేందర్ దుకాణం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"కలిసినవా ఆ పెద్దమ్మను?"

"కలిసిన."

"ఏమన్నది? కోపానికొచ్చిందా?"

పద్మలత చెప్పులు విడిచి గోడ వారకు పెట్టింది.

"లేదు" అంది. "చాయ్ పోసింది."